జమున పదో సర్టిఫికెట్టు సంగ్రామం

స్వస్తి. శ్రీ విశ్వావసు నామ సంవత్సర మార్గశిర శుక్లపక్షంలో, ఆంగ్లమానం ప్రకారం నవంబరు చివరి శనివారం నాడు, గోదావరికి ఈవల, పెద్దపల్లికి ఆవల, మంథని బస్సు ఆగితే ఆగి లేకుంటే సాగిపోయే మల్లెలగట్టు అనే మండల కేంద్రంలో, పంచాయతీ ఆఫీసు వెనుక, పశువుల దవాఖాన పక్కన, రెండు గదులూ ఒక వసారా కలిగి, తొమ్మిది వేల నాలుగు వందల పన్నెండు గ్రంథాలతో, నలభై కుర్చీలతో, ఏనాడో ఆగిపోయిన గోడగడియారంతో విరాజిల్లే శాఖా గ్రంథాలయం అనే వాఙ్మయ దుర్గంలో ఒక మహాయుద్ధం జరిగింది. అందులో ఏనుగులు కూలలేదు, రథాలు విరగలేదు, నెత్తురు చుక్క రాలలేదు. కరిగిపోయిందల్లా ఒక ఫోనులో నూటికి డెబ్బై వంతుల చార్జింగు. అయినా యుద్ధం యుద్ధమే. కావున ముందుగా, నాలుగు గీతలై వెలిగి, క్షణంలో ఒక్క గీతై కుంగి, భక్తుల ఓపికను పరీక్షించే సిగ్నలు దేవతకు నమస్కరించి, తూకంలో గింజ ఎక్కువ గాని తక్కువ గాని కాకుండా, జరిగినదాన్ని జరిగినట్టు కొలిచి పోస్తున్నాం. పట్టుకోండి.

ఆ దుర్గానికి పాలకురాలు జమున. వయసు ముప్పై ఎనిమిది. ఉద్యోగం కాంట్రాక్టు, అనగా పదకొండేండ్లుగా ప్రతి మార్చిలో చచ్చి ప్రతి ఏప్రిల్‌లో పుట్టేది. గ్రంథాలయ శాస్త్రంలో దూరవిద్య పట్టభద్ర. కరెంటు పోయి గది గుహగా మారిన వేళ కూడా చేయి చాచి పుస్తకం వీపు తడిమి, ఇది వరి తెగుళ్లది, ఇది తర్కశాస్త్రం అని చెప్పగల స్పర్శవిద్యా ధురంధర. పేరు మరచి, రాసినవాడిని మరచి, ఎర్ర అట్ట ఒక్కటే గుర్తున్న పాఠకుడికి సైతం అరనిమిషంలో అతని ఎర్ర అట్టను తెచ్చి చేతిలో పెట్టే అన్వేషణా చక్రవర్తిని. అంతేకాదు, మండల ఆఫీసు మూలన పారేసిన కంప్యూటరును తెచ్చి బతికించి, నాలుగేండ్ల మధ్యాహ్నాలను దానికి ధారపోసి, తన దుర్గంలోని గ్రంథాలలో తొమ్మిది వేల మూడు వందల నలభై తొమ్మిదింటిని ఒక్క జాబితాకు ఎక్కించిన ఘనురాలు. మిగిలినవి అరవై మూడు. వాటి మొదటి పుటలను చెదలు ఆరగించినందున, పేరు లేని పుస్తకాన్ని ఏ పేరున రాయాలో తెలియక, నాలుగేండ్లుగా ఆ అరవై మూడూ ఒక అట్టపెట్టెలో అనాథలుగా పడి ఉన్నాయి.

ఇంతటి సరుకు చేతిలో ఉన్నా బజారులో దానికి గిరాకీ లేదు. ఎట్లాగంటారా, జిల్లా కేంద్రంలో కొత్తగా డిజిటల్ విభాగం తెరుస్తున్నారు. దానికి ఒకే ఒక్క బాధ్యుల పోస్టు, అదీ మార్చిలో చావనిది. అందుకు అర్హత ఏమిటయ్యా అంటే, ఏడాది కాలంలో పది ఆన్‌లైన్ శిక్షణా సర్టిఫికెట్లు. దరఖాస్తుకు గడువు పైన చెప్పిన శనివారం సాయంత్రం అయిదు గంటలు. తొమ్మిది వేల మూడు వందల నలభై తొమ్మిది పుస్తకాల జాబితా చేసితిని అని రాసుకోవడానికి ఆ దరఖాస్తులో గడి లేదు. సర్టిఫికెట్లకు మాత్రం యాభై గళ్లున్నాయి.

జమున దగ్గర తొమ్మిదే ఉన్నాయి. అందులో మూడు ఒకే ఉపన్యాసాన్ని మూడు పేర్లతో విన్నందుకు వచ్చినవి.

ఇక ప్రతినాయకుడు. గోదావరి ఆవలి ఒడ్డున మరో శాఖను ఏలే కరుణాకర్. అతని సర్టిఫికెట్లు ముప్పై నాలుగు. అతని శాఖకు వచ్చిన కొత్త పుస్తకాల కట్టలు సుతిలి తాడు తెగకుండా గోడ వారగా పేర్చి ఉంటాయి. ఆ కట్టల నడుమ సందుల్లో మూడు ఫోన్లు నిలబెట్టి, మూడింటిలో మూడు శిక్షణలు ఏకకాలంలో నడిపించి, తాను మాత్రం తన పని మీద తాను పోయే త్రిముఖ వ్యూహ నిపుణుడతడు. వేములవాడలో కోడె తాడు చేతపట్టి మొక్కు లైన్లో నిలబడిన రెండు గంటల్లోనే అతనికి సైబర్ భద్రతలోనూ, పురాతన ప్రతుల పరిరక్షణలోనూ ప్రావీణ్యం లభించినట్టు చరిత్ర చెబుతోంది. కోడెకు ఏమీ లభించలేదు.

ఇట్లా హాజరు వేసి మాయమయ్యే వీరులు దేశంలో బాగా పెరిగిపోయినందున, ఆ శనివారం పదకొండు నుంచి పన్నెండు వరకు జరగబోయే "రేపటి గ్రంథపాలకుడు: నైపుణ్యాలు, వృత్తి వికాసం" అనే శిక్షణకు నిర్వాహకులు ఒక రహస్యాస్త్రం సిద్ధం చేశారు. ఉపన్యాసం నడుమ ఎప్పుడో ఒకప్పుడు వక్త ఒక రహస్యపదం ఉచ్చరిస్తాడు. పన్నెండింటికి తెరుచుకొని పన్నెండూ పదికి మూసుకునే ఫారంలో ఆ పదం రాసినవారికే సర్టిఫికెట్టు. అయిదు గంటల గడువులోగా వచ్చే శిక్షణ ఇది తప్ప వేరొకటి లేదు. అంటే జమున పదకొండేండ్లు ఆ పది నిమిషాల తక్కెడలో కూర్చున్నాయన్నమాట.

ఇప్పుడు రణభూమి స్వరూపం వినండి. రాతి గోడలు, ఇనుప బీరువాలు నిండిన ఆ దుర్గంలోకి సిగ్నలు దేవత అడుగుపెట్టదు. వసారాలోకి రాదు. గుమ్మంలోకి రాదు. కిటికీ కింది నాలుగో కుర్చీ దగ్గర మాత్రం, నీళ్లట్యాంకుకూ పశువుల దవాఖాన రేకులకూ మధ్య సందులోంచి టవరు కనబడుతుంది గనుక, నాలుగు గీతలై సాక్షాత్కరిస్తుంది. ఆ కుర్చీని ఏడేండ్లుగా ఏకచ్ఛత్రంగా ఏలుతున్నవాడు గంగయ్య.

గంగయ్య రిటైరైన బస్సు కండక్టరు. ముప్పై మూడేండ్లు ఇంజను రొదను చీల్చుకొని వెనుకటి సీటు దాకా ఊళ్ల పేర్లు వినిపించిన మేఘగంభీర కంఠుడు. రోజూ తొమ్మిదింటికి వచ్చి నాలుగు పేపర్లు చదివి, పన్నెండింటి దాకా ఉంటాడు. ఎందుకుంటాడంటే, మస్కట్‌లో పనిచేసే తమ్ముడు సాంబయ్యకు సరిగ్గా అప్పుడే పది నిమిషాలు చాయ్ విరామం. గంగయ్య ఇంట్లో సిగ్నలు రాదు. ఊళ్లో పెద్దమనిషి కూర్చొని మాట్లాడదగిన తావు ఆ నాలుగో కుర్చీ ఒక్కటే.

అయితే ఆ దుర్గంలో ఒక శాసనముంది. నల్లబల్ల మీద జమున సుద్దముక్కతో స్వహస్తాలతో రాసినవి ఏడు నిబంధనలు. ఒకటి, నిశ్శబ్దం పాటించవలెను. నాలుగు, హాలులో ఫోను మాట్లాడరాదు. ఆరు, కుర్చీలపై దస్తీలు, సంచులు వేసి స్థలము ఆపుకొనరాదు. పైశాఖ తనిఖీ వచ్చినా, మంత్రిగారి బావమరిది వచ్చినా ఈ ఏడింటిలో ఒక్కటి చెరగలేదు. ఇన్నాళ్లూ ఆ వేళకు జమున లోపలి గదిలో కంప్యూటరు ముందు ఉండడంతో గంగయ్య మాటలు చెల్లిపోయాయి గాని, మొన్న గురువారం నాడు గంగయ్య అదే కుర్చీలో తమ్ముడితో మాట్లాడుతుంటే జమున లేచి వచ్చి, ఒక్క మాట పలకక, నాలుగో నిబంధన వైపు వేలు చూపింది. గంగయ్య ఫోను చెవిన పెట్టుకొనే వసారా వైపు నడిచాడు. గడప చేరేలోపే గీతలు కూలాయి. తమ్ముడు "అన్నా, వీసా సంగతి ఏమైందంటే" అన్నంత వరకే వినబడింది. సాంబయ్య సంక్రాంతిలోపు ఇంటికి వస్తున్నాడా, ఇంకో రెండేండ్లు అక్కడే ఉంటున్నాడా అన్నది ఆ తెగిన మాటలో చిక్కుకుపోయింది. శుక్రవారం లైబ్రరీకి సెలవు. కనుక గంగయ్య కూడా ఈ శనివారం పన్నెండు గంటల కోసం రెండు రాత్రులుగా కాచుకొని ఉన్నాడు.

ఒకే కుర్చీ, ఒకే పది నిమిషాలు, ఇద్దరు గిరాకీదార్లు. ధర పెరగక ఏం చేస్తుంది?

శనివారం ఉదయం ఎనిమిదింటికి తలుపు తాళం తీసిన జమున హృదయం ఈ విధంగా గర్జించింది: "ఓ చతుర్థ పీఠమా! నేటి మధ్యాహ్నం వరకు నీవు నా సింహాసనానివి. దేవతలడ్డుపడినా, దిక్పాలకులు దిగివచ్చినా, నా దశమ పత్రం సాధించనిదే నిన్ను విడువను!" హృదయం ఇంతగా గర్జించగా, ఆమె చేయి మాత్రం చుట్టూ చూసి, హ్యాండ్‌బ్యాగులోంచి గులాబీ రంగు దస్తీ, అనగా చేతిరుమాలు, ఒకటి తీసి ఆ కుర్చీ మీద పరిచింది.

తొమ్మిదింటికి గంగయ్య వచ్చాడు. దస్తీని చూశాడు. నల్లబల్లను చూశాడు. మళ్లీ దస్తీని చూశాడు.

"మేడమూ, గీ దస్తీ ఎవలది?" అని అడిగాడు.

"నాదే కాకా. ఇయ్యాల పన్నెండు దాటేదాక గీ కుర్చీ నాకు గావాలె."

గంగయ్య తువ్వాల భుజం మార్చుకున్నాడు. "ముప్పై మూడేండ్ల సర్వీసుల దస్తేసినోన్ని నేను ఎన్నడు లేపలే. బస్సు కిటికీలకెంచి దస్తేసిండంటే గా సీటు గాయనదే, కలెక్టరొచ్చినా అంతే. గట్లనే నిన్ను గూడ లేప. కని ఆరో నంబరు ఏమంటుంది, జర సదివి చెప్పు బిడ్డా. నా అద్దాలు ఇంటికాన్నే మర్సిన."

అద్దాలు ఆయన ముక్కు మీదే ఉన్నాయి.

చదువుకుంటున్న ముప్పై ఎనిమిది తలలు, అన్నీ ఉద్యోగ పరీక్షలకు తయారవుతున్నవే, ఒక్కసారి పుస్తకాల మీది నుంచి లేచాయి. జమున లెక్క వేసుకుంది. ఒక పక్క నిబంధన, ఒక పక్క కుర్చీ. తడిగుడ్డ తీసుకొని నల్లబల్ల దగ్గరికి నడిచి, పదకొండేండ్లు చెక్కుచెదరని ఆరో శాసనాన్ని ఒక్క వేటుతో తుడిచేసింది. ఏడుగురు వీరులలో ఒకడు నేలకొరిగాడు. గంగయ్య తృప్తిగా ఎదురు కుర్చీలో చేరి పేపరు విప్పాడు. కోట ముట్టడి మొదలైంది.

పదకొండు గంటలకు జమున నాలుగో పీఠం అధిష్ఠించి, చెవులలో ఇయర్‌ఫోన్లు ధరించి, నోటు పుస్తకం తెరచి, కలం మూత తీసింది. తెర మీద రెండు వందల పన్నెండు మంది వీరులు నల్లని గళ్లుగా కొలువుదీరారు. సమన్వయకర్త స్వాగతం పలికి వక్తను పరిచయం చేసింది. వక్త వయోవృద్ధుడు, తెల్లని జుట్టు, వెనుక గోడ నిండా పుస్తకాలు. చిరునవ్వు నవ్వి, నమస్కరించి, ప్రసంగం ఆరంభించాడు.

ఆయన పెదవులు కదులుతున్నాయి. శబ్దం మాత్రం లేదు.

జమున మొదట తనను తాను అనుమానించింది. కాంట్రాక్టు ఉద్యోగం మనిషికి నేర్పే మొదటి నైపుణ్యం అదే. ఇయర్‌ఫోన్లు పీకి మళ్లీ పెట్టుకుంది. తీగ నలిపింది. ఫోను ఊదింది. శబ్దం పెంచింది, తగ్గించింది, మళ్లీ పెంచింది. సందేశాల పెట్టె చూడగా, అక్కడ పదకొండూ పన్నెండుకే పూలవాన కురుస్తోంది. అద్భుతం సర్ అని ఒకరు, కళ్లు తెరిపించారు సర్ అని ఇంకొకరు, ఇంత చక్కటి కంఠం ఈ మధ్య వినలేదు అని వేరొకరు. అందరికీ వినబడుతోంది, నా ఫోనే చెడింది అని జమున తీర్మానించుకుంది. "సర్, శబ్దం వస్తలేదు" అని రాసింది. ఆ మాట మీద మరుక్షణమే పదిహేడు ప్రశంసలు పడి అది అడుగున కప్పబడిపోయింది. ఇద్దరు దానికి బొటనవేలు ఎత్తిన గుర్తు పెట్టారు.

చివరికి ఆమె కూర్చున్న చోటి నుంచే చేయి ఊపి, హాలులో చదువుకుంటున్న భానుప్రసాద్ అనే అభ్యర్థిని సాయమడిగింది. మూడోసారి గ్రూపు పరీక్ష రాయబోతున్న అనుభవజ్ఞుడతడు, ఆన్‌లైన్ క్లాసుల్లో తల నెరిసినవాడు. తన ఇయర్‌ఫోన్లు తెచ్చి పెట్టి, తెరను ఒక్కసారి చూసి, గుసగుసగా తీర్పు చెప్పాడు. "మేడం, నీ ఫోను మంచిగనే ఉన్నది. గా సారు మైకే బందున్నది. మొత్తం మ్యూట్ల చెప్తుండు."

అప్పటికి పదకొండూ నలభై ఒకటి.

ఈ వార్త జమున మీద పిడుగులా పడింది. మైకు మూసి ఉంటే ఎవరికీ వినబడలేదు. ఎవరికీ వినబడకుంటే రహస్యపదం ఎవరికీ తెలియదు. ఆయన దాన్ని ఎప్పుడో ఉచ్చరించే ఉంటాడు, చేపపిల్ల నీళ్లలో నోరు తెరిచినట్టు. మరి రెండు వందల పన్నెండు మందిలో ఒక్కరైనా చెప్పరెందుకు? సగం మంది అక్కడ లేరు. మిగతా సగం పదకొండూ పన్నెండుకే కంఠాన్ని పొగిడి కూర్చున్నారు. పొగిడిన నోటితో ఇప్పుడు వినబడలేదని ఎట్లా అంటారు?

అదే క్షణంలో ఫోను మీద కరుణాకర్ సందేశం వాలింది. "అక్కా, నిర్మల్ల పెండ్లిల ఉన్న. చేతులు ఖాళీ లెవ్వు. గా సీక్రెట్ మాట ఏందో జర వెట్టవా."

జమున పళ్లు కొరికి, మైకు మీట నొక్కి, పలికింది. కాని అయ్యో, ఏమని చెప్పను! పదకొండేండ్లు నిశ్శబ్ద సామ్రాజ్యాన్ని ఏలిన ఆ కంఠం గుసగుసకు తప్ప దేనికీ పనికిరాకుండా పోయింది. ఇంట్లో కూరలో ఉప్పు లేదని చెప్పినా పక్కవాడి చెవిలో చెప్పినట్టే చెబుతుంది. "సార్, మీ మాట..." అన్న ఆ సన్నని ధ్వని అంతర్జాలం దాటి సమన్వయకర్తను చేరగా, ఆమె ఇట్లా ప్రకటించింది: "ఎవరి దగ్గరో ఫ్యాను రొద వస్తోంది. నేనే మ్యూట్ చేస్తున్నాను."

పదకొండేండ్ల అనుభవం గల గ్రంథపాలకురాలు ఫ్యానుగా నమోదైంది.

ఎదురుగా పేపరు మెల్లగా కిందికి దిగింది. గంగయ్య అంతా చూస్తూనే ఉన్నాడు. జరిగింది ఏమిటని అడిగి, పదో సర్టిఫికెట్టు కథ విన్నాడు. అరిస్తే తప్ప పనికాదని తేల్చాడు. జమున అరవడానికి ఊపిరి పీల్చబోగా ఆయన చేయి అడ్డం పెట్టి నల్లబల్ల చూపించాడు.

"ఒకటో నంబరు, మేడమూ."

"కాకా, నా బతుకు గీ పది నిమిషాలల్ల ఉన్నది."

"నాది గూడ గా పది నిమిషాలల్లనే ఉన్నది బిడ్డా. గురువారం నాడు నా తమ్ముని మాట సగంల తెగింది. వస్తుండా రాడా నాకు తెల్వదు. రెండు దినాలాయె, బుక్క దిగుత లేదు."

గురువారం వేలు చూపినప్పుడు జమునకు నాలుగో నిబంధన కనబడింది గాని, దాని అవతల తెగుతున్న మాట కనబడలేదు. ముప్పై ఎనిమిది తలలు లేచి చూస్తున్నాయి. గడియారం ఆగిపోయి ఉంది గాని కాలం ఆగలేదు. అక్కడ జరిగిన బేరం ఏ అంగడిలో జరిగినా శభాష్ అనిపించుకునేది. ఇవాళ్టి పది నిమిషాల్లో మొదటి అయిదు ఆమెవి, తర్వాతి అయిదు ఆయనవి. రేపటి నుంచి రోజూ పన్నెండుకు ఆ పది నిమిషాలు నాలుగో నిబంధన కళ్లు మూసుకుంటుంది. బదులుగా ఒకటో నిబంధనను తుడవమని ఆయన అడగడు, ఈ ఒక్క అరుపుకు తానే సాక్షి సంతకం పెడతాడు. పైగా కొసరు కింద ఒక విద్య.

"గొంతులకెంచి కాదు బిడ్డా, కడుపులకెంచి రావాలె. మా బస్సుల ఎనుకటి సీటోడు పండుకున్నడు, ఆని ఊరొచ్చింది. ఆనికి చెప్పినట్టు చెప్పు."

అంతట జమున లేచి నిలబడింది. ఒక చేత ఫోను, ఒక చేత కిటికీ ఊచ. కడుపు నిండా గాలి పూరించి, మైకు మీట నొక్కి, పదకొండూ నలభై తొమ్మిది నిమిషాలకు, మల్లెలగట్టు చరిత్రలో ముందెన్నడూ వినని ఆ మహానాదం చేసింది:

"సార్, మీ మైకు బందున్నది. నలభై నిమిషాల సంది మీరు చెప్పింది ఒక్క ముక్క ఎవలకు వినవడలే."

చూరులోని పావురాలు లేచిపోయాయి. పక్క దవాఖానలో సూది వేయించుకుంటున్న బర్రె డాక్టరును తన్నింది. బీరువాల అద్దాలు సన్నగా మోగాయి. తెర మీద వక్త పెదవులు ఆగాయి. ఆయన కళ్లద్దాలు సర్దుకొని ముందుకు వంగి ఎక్కడో నొక్కాడు. ప్రసంగంలో మొట్టమొదటిసారి లోకానికి వినబడిన శబ్దం ఒక దగ్గు.

"ఎప్పటి నుంచమ్మా?" అని అడిగాడు.

"మొదటి సంది సార్."

ఆయన సందేశాల పెట్టెను పైకీ కిందికీ తోసి చూసుకుంటున్నట్టున్నాడు. అందులో ఒకటి రెండు నెమ్మదిగా పైకి చదివాడు. "కంఠం బాగుందని రాశారు. పదకొండూ పన్నెండుకు." ఇక చదవలేదు. రెండు వందల పదకొండు నల్లని గళ్లు మరింత నల్లబడ్డాయి. సమన్వయకర్త సాంకేతిక సమస్య అని ఏదో చెప్పబోతే ఆయన ఆపి, మిగిలింది పది నిమిషాలు, ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి చెప్పలేను, ఈమెకు ఏమైనా అడగాలని ఉంటే అడగమనండి అన్నాడు.

ఇక్కడ జమున ఒక దుబారా చేసింది. రహస్యపదం అడగాల్సిన చోట, నాలుగేండ్లుగా మనసులో మగ్గుతున్న అట్టపెట్టెను అడిగేసింది. మొదటి పుటలు చెదలు తిన్న పుస్తకాలు అరవై మూడున్నాయి సార్, వాటిని ఏ పేరున రాయాలె? ముసలాయన ముఖం ఆ గంటలో మొదటిసారి వెలిగింది. లోపలి పుటల నెత్తిన అచ్చయి ఉండే పేరు చూడమన్నాడు. అది లేకుంటే అట్ట మీదిది, అదీ లేకుంటే వీపు మీదిది. దాన్ని చదరపు బ్రాకెట్లలో రాసి, ఎక్కడి నుంచి తీసుకున్నావో కింద ఒక ముక్క రాయమ్మా, రేపు అసలు ప్రతి దొరికితే సరిచేసుకోవచ్చు అన్నాడు. జమున నోటు పుస్తకంలో రాసుకుంది. ఆ రోజు రెండు వందల పన్నెండు మందికి నైపుణ్యం పంచాలని సంకల్పించిన ఆ మహాసభలో, నిజంగా చేతులు మారిన సరుకు మొత్తం ఆ నాలుగు వాక్యాలే.

పన్నెండుకు అర నిమిషం ఉండగా ఆయన రహస్యపదం మరోసారి పలికాడు: "ఏకాగ్రత." పెండ్లి పందిట్లో ఉన్న కరుణాకర్‌కు ఆ మాట వినబడలేదు గాని, మరుక్షణంలో ఎవరో దాన్ని అన్ని గ్రూపుల్లోనూ పెట్టారు. ఏకాగ్రత రాష్ట్రమంతటా వ్యాపించింది.

పన్నెండు. ఫారం తెరుచుకుంది. గంగయ్య జేబులో ఫోను మోగింది. ఆయన దాన్ని ఎత్తకుండా జేబు మీద చేయి అదుముకొని నిలబడ్డాడు. బేరం బేరమే. జమున పేరు రాసింది, శాఖ రాసింది, ఫోను నంబరు రాసింది, ఏకాగ్రత రాసింది, సమర్పించు అన్న మీట నొక్కింది. తెర మధ్యన చక్రం తిరగసాగింది. రెండు వందల పన్నెండు మంది ఒకే గుమ్మంలో తోసుకుంటున్నారు. చక్రం తిరుగుతూనే ఉంది. పన్నెండూ నాలుగు. గంగయ్య జేబులో మోత ఆగి మళ్లీ మొదలైంది. పన్నెండూ అయిదు.

జమున కుర్చీ దిగితే గీతలు కూలుతాయి. దిగకుంటే మాట కూలుతుంది. గురువారం ఒకసారి కూల్చిన మాట అది. ఆమె లేచి నిలబడింది.

"కూసో కాకా."

గంగయ్య కూర్చున్నాడు. కూర్చొని ఆమె చేతిలో తిరుగుతున్న చక్రాన్ని చూశాడు. తర్వాత తలెత్తి కిటికీ అరుగును చూశాడు.

"బిడ్డా, సిగ్నల్ గావలసింది ఫోనుకా, నీకా? గీడ కిటికిల వెట్టి నువ్వు పక్కకు జరుగు."

పొద్దున ఎనిమిదింటి నుంచి ఒక కుర్చీ కోసం రెండు సైన్యాలు మోహరించాయి, ఒక శాసనం నేలకూలింది, సంధి పత్రాలు రాసుకోబడ్డాయి. ఫోనుకు కుర్చీ అక్కర్లేదన్న సంగతి ఏ పక్షానికీ తట్టలేదు. సీటంటే కూర్చొనేదనే ఇద్దరి లెక్క. జమున ఫోనును కిటికీ అరుగు మీద, గంగయ్య తలకు మూరెడు ఎత్తున నిలబెట్టింది. చక్రం రెండు సుళ్లు తిరిగి ఆగింది. "మీ స్పందన నమోదైనది" అని వెలిగింది. పన్నెండూ ఏడు.

కింద గంగయ్య తమ్ముడితో మాట్లాడుతున్నాడు. ముప్పై మూడేండ్లు ఇంజనును ఓడించిన ఆ కంఠం, నల్లబల్ల మీది ఒకటో నంబరును చూస్తూ, అరచేయి అడ్డం పెట్టుకొని గుసగుసలాడుతోంది. అవతల సాంబయ్య హలో, హలో అంటున్నాడు.

"గట్టిగ మాట్లాడు కాకా," అంది జమున. "ఆయనకు వినవడుత లేదు."

సాంబయ్య పుష్య మాసంలో వస్తున్నాడు.

సర్టిఫికెట్టు నాలుగూ నలభైకి వచ్చింది. నాలుగూ యాభై రెండుకు దరఖాస్తు పోయింది. మరుసటి గురువారం అర్హుల జాబితా వెలువడింది. ఏకాగ్రత ఎందరినో పదికి చేర్చినందున పేర్లు నూట ఎనభై ఏడు, సర్టిఫికెట్ల సంఖ్యను బట్టి వరుస. ముప్పై అయిదింటితో కరుణాకర్ మూడో స్థానంలో ఉన్నాడు. నూట నలభై ఒకటో స్థానంలో, మల్లెలగట్టు శాఖ అని జమున పేరుంది. పోస్టు ఒకటే. ఇంటర్వ్యూ తేదీ తర్వాత తెలియజేయబడును.

జమున ఆ జాబితాను ఒకసారి చదివి పక్కన పెట్టింది. అట్టపెట్టె తెరిచి, పైనున్న అనాథ గ్రంథాన్ని తీసి, దుమ్ము దులిపి, నడిమి పుట విప్పి, నెత్తిన అచ్చయి ఉన్న పేరును వేలితో తడిమి చూసుకుంది. కంప్యూటరులో చదరపు బ్రాకెట్లు తెరిచి, బావి మోటలు, మరమ్మతులు అని కొట్టి, బ్రాకెట్లు మూసింది. పేరు లోపలి పుటల నుంచి తీసుకోబడినది అని కింద రాసింది.

కావున ఓ సభాసదులారా, దిక్కులు పిక్కటిల్లేలా చాటుతున్నాం. పదకొండేండ్ల సేవ, నాలుగేండ్ల మధ్యాహ్నాలు, పది సర్టిఫికెట్లు, ఒక దస్తీ, ఒకటిన్నర నిబంధనలు, ఒక్క మహానాదం పెట్టుబడిగా పెట్టి, మల్లెలగట్టు దుర్గాధీశ్వరి, ఫ్యాను బిరుదాంకిత, జమున సాధించిన విజయం ఇది: జాబితాలో తొమ్మిది వేల మూడు వందల యాభై. మిగిలినవి అరవై రెండు.